వాడిన స్నోమొబైల్: తనిఖీ, నిర్వహణ

స్నోమొబైల్ ముందు స్కీలతో, వెనుక రబ్బరు ట్రాక్‌తో మంచుపై నడిచే మోటారు వాహనం. కెనడాలోని క్విబెక్‌కు చెందిన జోసెఫ్-అర్మాండ్ బాంబార్డియర్ 1959లో స్కీ-డూ అనే తేలికపాటి నమూనాను విడుదల చేశాక దీని వాడకం విస్తరించింది. వాడిన బండి తనిఖీలో ఇంజనుదే మొదటి స్థానం. టూ-స్ట్రోక్ ఇంజన్లలో ప్రతి సిలిండరు కంప్రెషన్‌ను గేజితో కొలుస్తారు. సిలిండర్ల మధ్య తేడా సుమారు 10 శాతం మించితే పిస్టన్ రింగుల అరుగుదలను అనుమానిస్తారు. ఓడోమీటరు అంకె కన్నా ఈ కొలతే నమ్మదగినది. ట్రాక్ చిరుగులు, డ్రైవ్ బెల్టు పగుళ్లు, ట్రాక్ లోపలి పట్టాల కింది ప్లాస్టిక్ స్లైడర్ల అరుగుదల, వంగిన చాసిస్ తరువాత చూసేవి. చైన్‌కేస్ (ట్రాక్‌ను తిప్పే గొలుసు ఉండే పెట్టె) నూనెలో లోహపు తునకలు కనిపిస్తే గొలుసు గానీ బేరింగులు గానీ దెబ్బతిని ఉండవచ్చు. నిర్వహణలో భాగంగా, సీజను ముగిశాక పెట్రోలులో స్టెబిలైజర్ కలిపి, సిలిండర్లలోకి తుప్పును అడ్డుకునే ఫాగింగ్ ఆయిల్ చల్లి, ట్రాక్ నేలకు తగలకుండా బండిని ఎత్తి నిలుపుతారు.