ఒంగోలు గిత్త: పెంపకం, పందెం, వలస

ఒంగోలు జాతి పశువుల పుట్టిల్లు గుండ్లకమ్మ నది పరిసరాల్లోని మెట్ట నేల. పాత నెల్లూరు, గుంటూరు జిల్లాల సరిహద్దున ఒంగోలు, కందుకూరు తాలూకాల నల్లరేగడి పల్లెల్లో రైతులే తరతరాలుగా ఏరికోరి ఈ జాతిని తీర్చిదిద్దారు. ఒంగోలు మొదట నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది, 1970లో ఇప్పటి ప్రకాశం జిల్లాకు కేంద్రమైంది. పశువులు విదేశాలకు వెళ్లిన తొలి రోజుల్లో ఊరు నెల్లూరు జిల్లాలోదే కాబట్టి బ్రెజిల్‌లో ఈ జాతికి ఈనాటికీ ‘నెలోర్’ అన్న పేరే ఉంది.

ఎత్తైన మూపురం, మడతలు పడి వేలాడే గంగడోలు, పొట్టిగా మొద్దుగా ఉండే కొమ్ములు, కాటుక దిద్దినట్టు కళ్ల చుట్టూ నలుపు, తోక చివర నల్లటి కుచ్చు ఈ జాతి గుర్తులు. ఆవులు తెల్లగా ఉంటాయి. ఆబోతులకు తల, మెడ, మూపురం మీద ముదురు బూడిద రంగు తేలుతుంది. ఎదిగిన ఆబోతు అయిదారు వందల కిలోలు తూగుతుంది. ఇంత భారీ పశువును కోరుకున్నది అక్కడి సేద్యమే. వాన పడితే బంకగా మారే, ఎండితే రాయిలా బిగిసే రేగడిని దున్నాలంటే చిన్న ఎడ్లకు సాధ్యం కాదు. ఆ నేలే మేతనూ ఇచ్చింది. జొన్న చొప్ప, పిల్లిపెసర తిని కోడెలు ఏపుగా పెరిగేవి. మంచి పుట్టుక ఉన్న కోడెదూడ కనిపిస్తే తల్లి పాలు పిండకుండా దానికే వదిలేసే రైతులు ఉండేవారు. పాల లెక్క చూసుకుంటే అది నష్టమే. ఆ నష్టానికి సిద్ధపడిన ఇళ్లలోనే జాతి నిలబడింది.

ఊరి మందకు విత్తనం ఎక్కడిదన్న ప్రశ్నకు పాతకాలం ఆచారమే జవాబు చెప్పింది. పెద్దవాళ్లు పోయినప్పుడు వారి పేరిట ఒక కోడెదూడకు అచ్చు వేసి దేవుడికి వదిలేవారు. అది ఎవరి చేలో మేసినా అదిలించేవారు కాదు. అచ్చోసిన ఆంబోతు అన్న మాట ఇప్పుడు తిట్టుగా మిగిలింది గానీ, ఒంగోలు సీమలో వదిలే కోడెను ఊరి పెద్దలు రూపం, నడక, తల్లి చరిత్ర చూసి ఎంచేవారు. పితృకార్యంగా మొదలైన పని ఊరందరికీ పనికొచ్చే సంతానోత్పత్తి పథకంగా సాగింది. కొట్టాల్లో పశువును కట్టి మేపే కాలం వచ్చి, చేలకు కంచెలు పడ్డాక ఈ ఆచారం సన్నగిల్లింది. దాని స్థానంలో ప్రభుత్వ క్షేత్రాలు వచ్చాయి. నెల్లూరు జిల్లా చింతలదేవి, గుంటూరు పక్కన లాం, ప్రకాశం జిల్లా చదలవాడ, రామతీర్థం క్షేత్రాలు అలాంటివే.

వలస కథ 1868లో మొదలవుతుంది. ఇంగ్లండుకు పోతున్న ఓడ ఒకటి బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో ఆగింది. అందులోని ఒంగోలు జంట అక్కడే అమ్ముడుపోయింది. 1878లో మనోయెల్ లెమ్‌గ్రూబర్ అనే బ్రెజిల్ రైతు జర్మనీలోని హాంబర్గ్ జంతుశాలలో మరో జంటను కొన్నాడు. చివరి పెద్ద కొనుగోళ్లు 1960, 1962 ప్రాంతాల్లో జరిగాయి. అప్పుడు వెళ్లిన పశువులను ఫెర్నాండో డి నొరోన్యా దీవిలో రోగపరీక్షల కోసం ఆపి, ఆ తర్వాతే ప్రధాన భూభాగంలోకి అనుమతించారు. వాటిలో ఒంగోలు పక్కనే ఉన్న కరవది గ్రామం పేరు మోసిన ఆబోతు ఒకటి. దాని సంతతి ఈనాటికీ అక్కడ ‘కర్వాది’ వంశంగానే నమోదవుతోంది. గోదావరి, ఆకాశము, చేకూరపాడు పేర్లతోనూ వంశాలున్నాయి. ఎక్కడో ఉన్న పశువుల పుస్తకాల్లో మన పల్లెల పేర్లు పోర్చుగీసు అక్షరాల్లో బతుకుతున్నాయి. డచ్చివారు సుంబా దీవికి తీసుకెళ్లిన మందల నుంచి ఇండోనేషియాలో ‘సుంబా ఒంగోల్’ జాతి పుట్టింది.

అమెరికా దారి వేరు. 1854లో బ్రిటిష్ ప్రభుత్వం లూసియానాకు చెందిన రిచర్డ్ బారోకు రెండు భారతీయ ఎద్దులను పంపింది. పత్తి, చెరకు సాగు నేర్పినందుకు అది బహుమానం. తర్వాతి దశాబ్దాల్లో నెలోర్, గిర్, గుజరాత్ పశువులు, కృష్ణా లోయ పశువులు కలిసి టెక్సాస్‌లో ‘బ్రాహ్మన్’ జాతి తయారైంది. 1924లో దానికొక పెంపకందారుల సంఘం ఏర్పడింది. ఎండను, పిడుదులను తట్టుకునే ఈ రక్తం, ఎగిరే ఎద్దు మీద మనిషి నిలవాల్సిన రోడియో ఆటలోకీ చేరింది. మనిషిని వీపు మీద నిలవనివ్వకుండా ఎగిరి కుదిపే ఎద్దుల వంశాలు అనేకం బ్రాహ్మన్ సంకరాలే. ఓక్లహామాలోని సేర్ ఊరికి చెందిన చార్లీ ప్లమ్మర్ మంద వీటిలో పేరు పొందింది. ఆటలో రౌతు 8 సెకన్లు నిలవాలి. 100 మార్కుల్లో 50 ఎద్దువే, అందుకే ఎద్దుకూ పేరుంటుంది, వంశవృక్షమూ ఉంటుంది. అమెరికన్ బకింగ్ బుల్ అనే సంస్థ డీఎన్‌ఏ పరీక్షతో తల్లిదండ్రులను నిర్ధారించి నమోదు చేస్తుంది. రెండేళ్ల కోడెల మీద మనిషిని ఎక్కించరు. రిమోట్‌తో ఊడిపోయే పెట్టెను వీపుకు కట్టి వాటి ఎగురుడు చూస్తారు.

ఇక్కడ కోడె బలాన్ని చూసే తీరు వేరు. బండలాగుడు పందెంలో ఎవరూ పశువు మీద ఎక్కరు. జోడు కోడెలకు కాడి వేసి, గొలుసుతో గ్రానైట్ బండను కడతారు. నిర్ణీత సమయంలో, సాధారణంగా 20 నిమిషాల్లోపు, ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. బాట చివరికి చేరగానే బండను తిప్పి మళ్లీ లాగిస్తారు, అడుగుల్లో, చివరికి అంగుళాల్లో కొలుస్తారు. వయసును పళ్లతో తేలుస్తారు. పశువుకు దాదాపు రెండేళ్లకు మొదటి జత శాశ్వత దంతాలు వస్తాయి, ఎనిమిదీ వచ్చేసరికి నాలుగేళ్లు దాటుతుంది. అందుకే పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆ పైన సీనియర్స్ అని విభాగాలుంటాయి. బండ బరువు కూడా విభాగాన్ని బట్టి పెరుగుతుంది. సంక్రాంతికి కోస్తా పల్లెల్లో, శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో, తెలంగాణలో సూర్యాపేట జిల్లా మేళ్లచెరువు జాతరలో ఈ పందేలు పేరున్నవి.

పందెం కోడెను పెంచడం ఏడాది పొడవునా సాగే పని. ఉడకబెట్టిన ఉలవలు, తవుడు, పత్తి చెక్క, గుడ్లు పెడతారు, నడక సాధన చేయిస్తారు, చెరువులో ఈత కొట్టిస్తారు. పెట్టిన ఖర్చు బహుమతితో తిరిగి రాదు. గెలిచిన కోడెకు పలికే ధర, ఆ ఇంటికి దక్కే పేరు, ఇవే రైతును పట్టి ఉంచాయి. చర్నకోల వాడకాన్ని ఎంత కట్టడి చేస్తే పందెం అంత గౌరవంగా ఉంటుంది. కొట్టి లాగించిన బండ కోడె సత్తాను చూపదు. పశువును హింసించడం గురించిన ఈ చర్చకు న్యాయస్థానాల నేపథ్యమూ ఉంది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్ల బండి పందేలను నిషేధించింది. వీటిని అనుమతిస్తూ తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటక తెచ్చుకున్న చట్ట సవరణలను 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది.

ట్రాక్టరు వచ్చాక నాగలికి ఒంగోలు ఎద్దు అక్కర్లేకపోయింది. పాలకు గేదెలు, జెర్సీ సంకర ఆవులు వచ్చాయి. బలమైన గిత్తను కట్టేసుకోవడానికి సొంత గడ్డ మీద మిగిలిన పెద్ద కారణం పందెమే. కానీ పందెం కోరేది కోడెను, దాన్ని కనే ఆవును కాదు. బ్రెజిల్‌లో ప్రతి దూడ పుట్టుకా పుస్తకంలోకి ఎక్కుతుంటే, ఇక్కడ గెలిచిన జోడీ తల్లుల వివరం చాలాసార్లు పెంచిన రైతు జ్ఞాపకంలోనే ఉంటుంది. ఆ ఆవుల బాధ్యతను ఇప్పుడు మోస్తున్నవి ప్రభుత్వ క్షేత్రాలు, చింతలదేవిలోని జాతీయ కామధేను సంతానోత్పత్తి కేంద్రం, లాభం లేకున్నా మంద వదలని కొద్దిమంది రైతులు.