విమాన ప్రయాణంలో ఎలక్ట్రానిక్ సిగరెట్లు

ఎలక్ట్రానిక్ సిగరెట్ అనగా నికోటిన్ కలిసిన ద్రవాన్ని బ్యాటరీ శక్తితో వేడిచేసి ఆవిరిగా మార్చే ఉపకరణము. దీనిని వాడుకలో ఈ-సిగరెట్ అని, వేప్ అని కూడా పిలుస్తారు. ఇందులో పొగాకు కాలదు కనుక దీనికి నిప్పుతో సంబంధం లేదని తోచవచ్చును. కాని విమానయాన రంగంలో దీనిని అగ్ని ప్రమాదానికి కారణం కాగల వస్తువుగానే పరిగణిస్తారు. ఈ ఉపకరణాన్ని వెంట తీసుకొని ప్రయాణించే వ్యక్తి రెండు వేరువేరు నియమాలకు లోబడి ఉంటాడు. మొదటిది విమాన భద్రతా నియమము. ఇది వస్తువును ఏ సంచిలో ఉంచాలో చెబుతుంది. రెండవది దిగబోయే దేశపు చట్టము. ఇది ఆ వస్తువు దేశంలోకి రావచ్చునా లేదా అన్నది చెబుతుంది. మొదటి నియమం ప్రకారం అన్నీ సరిగా సర్దుకున్నవారు కూడా రెండవదాని వద్ద చిక్కుకునే అవకాశం కలదు. భారతదేశానికి వచ్చేవారి విషయంలో ఇది మరింత వర్తిస్తుంది.

నిర్మాణము

నేడు వాడుకలో ఉన్న ఎలక్ట్రానిక్ సిగరెట్‌ను చైనాకు చెందిన ఫార్మసిస్టు హాన్ లిక్ 2003 ప్రాంతంలో రూపొందించాడు. ఇందులో ముఖ్యంగా మూడు భాగాలుంటాయి: లిథియం అయాన్ బ్యాటరీ, వేడెక్కే తీగచుట్ట, ద్రవం నింపే చిన్న తొట్టి. ద్రవంలో ప్రొపిలిన్ గ్లైకాల్, గ్లిసరిన్, నికోటిన్, సువాసన పదార్థాలు ఉంటాయి. కొన్ని ఉపకరణాలను వాడి పారవేస్తారు. కొన్నింటిలో బ్యాటరీని బయటకు తీసి మార్చుకోవచ్చును. ఇలా మార్చుకునేవాటిలో 18650 అనే రకం ఎక్కువగా కనిపిస్తుంది. ఈ సంఖ్యలో మొదటి రెండు అంకెలు బ్యాటరీ వ్యాసం 18 మిల్లీమీటర్లని, తరువాతివి పొడవు 65 మిల్లీమీటర్లని సూచిస్తాయి.

చెక్-ఇన్ సామానులో నిషేధము

2014 ఆగస్టు 9న అమెరికాలోని బోస్టన్ లోగాన్ విమానాశ్రయంలో ఒక విమానపు సరుకు గదిలో మంట పుట్టి, ప్రయాణికులను ఖాళీ చేయించవలసి వచ్చింది. ఒకరి చెక్-ఇన్ సంచిలో ఉన్న ఎలక్ట్రానిక్ సిగరెట్ దీనికి కారణమని తేలింది. 2015 జనవరి 4న లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో సామాను ఉంచే చోట ఒక సంచి మండుతూ కనిపించింది. దానికి కూడా లోపలి ఎలక్ట్రానిక్ సిగరెట్టే కారణమని అగ్నిమాపక సిబ్బంది భావించారు. ఆ సంచి ఆలస్యంగా చేరి, ఎక్కవలసిన తరువాతి విమానాన్ని అందుకోలేకపోయింది. అందుకొని ఉంటే అదే మంట గాలిలో ఉన్న విమానపు సరుకు గదిలో పుట్టి ఉండేది.

ఈ సంఘటనల తరువాత అమెరికా ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ 2015 జనవరిలోనే విమాన సంస్థలకు హెచ్చరిక జారీ చేసింది. అదే సంవత్సరం జూన్‌లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) ఎలక్ట్రానిక్ సిగరెట్లను చెక్-ఇన్ సామానులో పెట్టకుండా నిషేధించింది. విమానంలో వాటిని ఛార్జింగ్ చేయడాన్ని కూడా నిషేధించారు. ప్రయాణికుడు తన సొంత వాడకానికి ఉద్దేశించినవాటిని తన వద్దనో, చేతి సామానులోనో మాత్రమే ఉంచుకోవాలి.

సాధారణంగా ప్రమాదకర వస్తువును ప్రయాణికులకు దూరంగా ఉంచుతారు. ఇక్కడ అందుకు విరుద్ధంగా మనుషుల మధ్యనే ఉంచమనడం విచిత్రంగా తోచవచ్చును. దీని కారణం బ్యాటరీ స్వభావంలో ఉంది.

మంట పుట్టే విధానము

లిథియం అయాన్ బ్యాటరీలో ధన, ఋణ ఫలకాల మధ్య పలుచని పొర ఉంటుంది. దెబ్బ తగలడం వలన గాని, తయారీ లోపం వలన గాని, అతిగా ఛార్జ్ కావడం వలన గాని, బయటి లోహం తగిలి షార్ట్ సర్క్యూట్ కావడం వలన గాని ఈ పొర దెబ్బతింటే లోపల వేడి పుడుతుంది. ఆ వేడి రసాయనిక చర్యలను వేగవంతం చేస్తుంది, ఆ చర్యలు మరింత వేడిని పుట్టిస్తాయి. దీనిని థర్మల్ రన్‌అవే అంటారు. ఒకసారి మొదలైన తరువాత బయటి సాయం లేకుండానే సాగిపోయే ఈ ప్రక్రియలో మండే వాయువులు వెలువడతాయి, పక్కనున్న బ్యాటరీ కూడా అంటుకుంటుంది.

ప్రయాణికుల విమానాల సరుకు గదులలో మంటలను అణచడానికి హాలన్ అనే వాయువును వాడతారు. ఇది పైకి కనబడే జ్వాలను ఆర్పుతుంది గాని బ్యాటరీని చల్లబరచదు. అందువలన లోపలి వేడి పక్క బ్యాటరీలకు పాకుతూనే ఉండవచ్చును. పైగా ఎగురుతున్న విమానంలో ఆ గది వద్దకు ఎవరూ చేరలేరు. ప్రయాణికుల గదిలో ఐతే సిబ్బంది వెంటనే గమనించి, ముందు మంటను ఆర్పి, ఆపై నీటితో గాని, మద్యం కలవని ఇతర పానీయాలతో గాని బ్యాటరీని తడిపి చల్లబరుస్తారు. మంచు ముక్కలు కప్పడం సరికాదు. అవి వేడిని లోపలే పట్టి ఉంచుతాయి. కంటికి ఎదురుగా ఉన్న మంటను ఆర్పవచ్చు, కనబడని మంటను ఆర్పలేము అన్నదే ఈ నియమానికి మూలము.

చేతి సామానులో సర్దే పద్ధతి

బ్యాటరీ సామర్థ్యాన్ని వాట్-అవర్లలో కొలుస్తారు. వోల్టేజిని ఆంపియర్-అవర్లతో గుణిస్తే ఇది వస్తుంది. ఉదాహరణకు 3.7 వోల్టులు, 3000 మిల్లీ ఆంపియర్-అవర్లు గల 18650 బ్యాటరీ సామర్థ్యం 11.1 వాట్-అవర్లు. ఎలక్ట్రానిక్ సిగరెట్లలోని బ్యాటరీలకు ఐకావో విధించిన పరిమితి 100 వాట్-అవర్లు. కనుక సామర్థ్యం విషయంలో వీటికి ఇబ్బంది రాదు. ఇబ్బంది అంతా ఉంచే తీరులోనే వస్తుంది.

విడి బ్యాటరీని జేబులో తాళంచెవులతోనో, చిల్లర నాణేలతోనో కలిపి ఉంచరాదు. ఈ లోహపు వస్తువులు రెండు ధ్రువాలనూ కలిపితే క్షణాలలో షార్ట్ సర్క్యూట్ అవుతుంది. ఒక్కొక్క బ్యాటరీని ప్లాస్టిక్ డబ్బాలో గాని, విడి సంచిలో గాని ఉంచాలి, లేదా ధ్రువాలపై టేపు అతికించాలి. పై తొడుగు చిరిగిన బ్యాటరీని అసలు వెంట తేకపోవడమే మంచిది.

ఉపకరణం దానంతట అదే పని చేయకుండా చూడడం రెండవ జాగ్రత్త. మీట ఉన్నవాటిలో సంచిలోని బట్టలు ఒత్తుకుని మీట నొక్కుకుపోతే తీగచుట్ట ఎర్రగా కాలుతుంది. అందుచేత పూర్తిగా ఆపివేయాలి, వీలైతే బ్యాటరీని విడదీయాలి. వాడి పారవేసే రకాలలో చాలావాటికి మీట ఉండదు. పీల్చినప్పుడు లోపలి సెన్సారు పని చేస్తుంది. వీటిని గట్టి డబ్బాలో ఉంచుతారు.

చాలామంది మరచిపోయేది ఇంకొకటి ఉంది. విమానం నిండిపోయినపుడు చేతి సంచిని ద్వారం వద్దనే తీసుకుని సరుకు గదిలోకి పంపుతారు. ఆ క్షణంలో అది చెక్-ఇన్ సామానుగా మారుతుంది. సంచిని అప్పగించే ముందే ఎలక్ట్రానిక్ సిగరెట్‌ను, విడి బ్యాటరీలను, పవర్ బ్యాంకును బయటకు తీసి వెంట ఉంచుకోవాలి. అందుకే వీటన్నిటిని ఒకే చిన్న సంచిలో, సులభంగా తీయగలిగేలా సర్దుకోవడం అనుభవజ్ఞుల అలవాటు.

2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గింహే విమానాశ్రయంలో ఎయిర్ బూసాన్ విమానం బయలుదేరక ముందే అగ్నికి ఆహుతైంది. మంట తలపై సామాను అరల వద్ద మొదలైంది. పవర్ బ్యాంకు కారణమై ఉండవచ్చునని దర్యాప్తులో భావించారు. ఆ దేశంలో 2025 మార్చి 1 నుండి పవర్ బ్యాంకులను, ఎలక్ట్రానిక్ సిగరెట్లను ఆ అరలలో పెట్టడాన్ని నిషేధించారు. అనగా చేతి సామానులో ఉంటే చాలదు, చేతికి అందేంత దూరంలో ఉండాలన్నమాట.

ద్రవము

2006 ఆగస్టులో లండన్ నుండి బయలుదేరే విమానాలను ద్రవ పేలుడు పదార్థాలతో కూల్చే కుట్ర బయటపడిన తరువాత, చేతి సామానులోని ద్రవాలపై 100 మిల్లీలీటర్ల పరిమితి వ్యాపించింది. నికోటిన్ ద్రవానికి కూడా ఇదే వర్తిస్తుంది. కొత్త స్కానర్లు వచ్చిన కొన్ని విమానాశ్రయాలు ఈ పరిమితిని సడలించాయి.

ఆకాశంలో తొట్టి కారడం సామాన్యము. విమానం ఎత్తుకు చేరినపుడు లోపలి గాలి పీడనం సుమారు 8,000 అడుగుల కొండపై ఉండేంతకు, అనగా సముద్ర మట్టంలో ఉండేదానిలో నాలుగింట మూడు వంతులకు తగ్గవచ్చును. తొట్టిలో చిక్కుకున్న గాలి వ్యాకోచించి ద్రవాన్ని బయటకు నెడుతుంది. ప్రయాణానికి ముందు తొట్టిని ఖాళీ చేయడమే దీనికి సరైన ఉపాయము. నికోటిన్ ద్రవం మింగితే విషము, చర్మం ద్వారా కూడా ఒంటికి ఎక్కుతుంది. చిన్నపిల్లల సామానుతో కలిపి ఉంచరాదు.

విమానంలో వాడకము

వెంట ఉంచుకోవచ్చునంటే వాడవచ్చునని అర్థం కాదు. అమెరికా రవాణా శాఖ 2016లో విమానాలలో ఎలక్ట్రానిక్ సిగరెట్ వాడకాన్ని స్పష్టంగా నిషేధించింది. ఇతర దేశాలలోనూ విమాన సంస్థలు దీనిని సాధారణ పొగ త్రాగడంతో సమానంగా చూస్తాయి. మరుగుదొడ్డిలోని పొగ సూచికలు ఈ ఆవిరికి కూడా మోగవచ్చును.

2018 జూలై 10న హాంకాంగ్ నుండి దాలియాన్ వెళుతున్న ఎయిర్ చైనా విమానంలో సహ పైలట్ కాక్‌పిట్‌లోనే ఎలక్ట్రానిక్ సిగరెట్ పీల్చాడు. ఆవిరి ప్రయాణికుల గదిలోకి పోకుండా ఒక మీటను ఆపబోయి, పొరపాటున గాలి సరఫరా చేసే యంత్రాలను ఆపివేశాడు. ప్రాణవాయువు తొడుగులు కిందికి జారాయి, విమానం వేల మీటర్లు దిగవలసి వచ్చింది. ఎవరికీ ప్రాణహాని జరగలేదు.

గమ్యస్థానపు చట్టాలు

బ్రిటన్‌లో పెద్దలు వాడే ఉపకరణం కొన్ని గంటల దూరంలోని మరొక దేశంలో నేరం కావచ్చును. సింగపూర్‌లో 2018 ఫిబ్రవరి నుండి వీటిని కలిగి ఉండడమే నేరము. 2025 సెప్టెంబరులో శిక్షలను మరింత పెంచారు. థాయిలాండ్‌లో దిగుమతి 2014 నుండి నిషిద్ధము. తెలుగువారు ఎక్కువగా ఉన్న గల్ఫ్ దేశాలలో కూడా నియమాలు ఒకే విధంగా లేవు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 2019 నుండి అమ్మకం చట్టబద్ధము, కతార్‌లో నిషేధము అమలులో ఉంది.

భారతదేశము

భారత ప్రభుత్వం 2019 సెప్టెంబరు 18న అత్యవసర ఆదేశం ద్వారా ఎలక్ట్రానిక్ సిగరెట్లను నిషేధించింది. అదే సంవత్సరం డిసెంబరులో పార్లమెంటు ఆమోదంతో ఇది చట్టమైంది. వీటి ఉత్పత్తి, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటనలు అన్నీ నిషిద్ధము. ఎలక్ట్రానిక్ హుక్కాలు, పొగాకును కాల్చకుండా వేడిచేసే ఉపకరణాలు కూడా దీని పరిధిలోనికే వస్తాయి. దిగుమతి వంటి నేరానికి మొదటిసారి ఒక సంవత్సరం వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చును. మళ్లీ పట్టుబడితే జైలు మూడు సంవత్సరాల వరకు, జరిమానా ఐదు లక్షల వరకు పెరుగుతుంది. నిల్వ ఉంచినందుకు ఆరు నెలల వరకు జైలు, 50 వేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ ఉన్నాయి.

చట్టంలో సొంత వాడకం గురించి విడిగా చెప్పలేదు కనుక ఒకటో రెండో వెంట తెచ్చుకుంటే తప్పు లేదన్న అభిప్రాయం కొంతకాలం ప్రచారంలో ఉండేది. కలిగి ఉండడం కూడా చట్ట ఉల్లంఘనేనని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2023లో స్పష్టం చేసింది. కావున డాలస్‌లోనో దుబాయిలోనో కొన్నదానిని బ్యాటరీ విడదీసి, చేతి సంచిలో పద్ధతిగా సర్దుకుని శంషాబాదులో దిగిన ప్రయాణికుడు, విమాన భద్రతా నియమం ప్రకారం తప్పు చేయనివాడే అయినా ఈ చట్టం ప్రకారం నిషిద్ధ వస్తువును దేశంలోకి తెచ్చినవాడవుతాడు. బయలుదేరిన చోట భద్రతా సిబ్బంది అభ్యంతరం చెప్పలేదన్న మాట ఇక్కడ చెల్లదు. వారు చూసేది విమాన భద్రతను మాత్రమే. ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం కింద అనుమతి పొందిన నికోటిన్ చూయింగ్ గమ్ వంటివాటికి ఈ నిషేధం వర్తించదు.