కిలోకు ఇంత: త్రాసుకూ దానానికీ ఉన్న పాత చుట్టరికం

మన జిల్లా వాళ్లకు ‘నిలువెత్తు బంగారం’ అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి మేడారం పోయేవాళ్లు కాటా మీద నిలబడి, తమ బరువుకు సరితూగే బెల్లాన్ని సమ్మక్క సారలమ్మల గద్దెల దగ్గర సమర్పిస్తారు. అక్కడ బెల్లం పేరే బంగారం. ఆ కాటా ఎక్కినందుకు సిగ్గుపడిన వాళ్లను నేను ఇంతవరకూ చూడలేదు. ఎంత తూగితే అంత మొక్కు. ఎక్కువ తూగితే జేబుకు భారమే గాని పరువుకు కాదు.

స్వర్ణోత్సవ సంచిక కోసం నా ‘బరువు తగ్గే సవాలు’ గురించి రాయమని సంఘం మిత్రులు అడిగారు. నా కథ చిన్నదే. కానీ మనిషి బరువును పదిమంది ముందు తూచి, దాన్ని బట్టి డబ్బు పంచే అలవాటుకు పెద్ద చరిత్ర ఉంది. ఏడాదిగా ఆదివారం ఆదివారం కాటా ఎక్కుతున్నవాణ్ని కాబట్టి ఆ చరిత్ర మీద ఆసక్తి పెరిగి కొంత చదివాను. ముందు అది చెబుతాను.

మన దేశంలో దీని అసలు పేరు తులాపురుష దానం. పదహారు మహాదానాల్లో మొదటిదిగా లెక్కపెడతారు. రాజు త్రాసు ఒక పళ్లెంలో కూర్చుంటే రెండో పళ్లెంలో బంగారం పోసి, దాన్ని దానం చేసేవారు. 1515లో కొండవీడును గెలిచాక శ్రీకృష్ణదేవరాయలు అమరావతిలో అమరేశ్వరుడి సన్నిధిన ఈ దానం చేశాడు. హంపీకి పోయినవాళ్లు విఠలాలయానికి దగ్గరలో రెండు రాతి స్తంభాలూ, వాటి మీద ఒక అడ్డదూలమూ చూసే ఉంటారు. దూలం అడుగున త్రాసు వేలాడదీయడానికి రాతి కడియాల్లాంటివి ఉంటాయి. అది రాజుగారి త్రాసు అని చెబుతారు. అక్కడ నిలబడ్డప్పుడు నాకు భక్తి కంటే ముందు లెక్క గుర్తొచ్చింది: రాజు ఒక వైపు, అంతే బంగారం రెండో వైపు, అంటే దూలం మీద పడేది రాజుకు రెట్టింపు బరువు. ఇంజనీరు బుద్ధి ఎక్కడికి పోతుంది!

మొఘలులు కూడా ఈ ఆచారాన్ని పట్టుకున్నారు. అక్బరు ఏడాదికి రెండుసార్లు, సౌరమానం ప్రకారం ఒకసారి, చాంద్రమానం ప్రకారం ఒకసారి, పుట్టినరోజున తూగేవాడు. తూచిన సొమ్ములు పంచిపెట్టేవారు. 1617లో మాండూలో జహంగీరు తూకం చూసిన ఇంగ్లండు రాయబారి థామస్ రో ఒక చిలిపి మాట రాసుకున్నాడు. బంగారం, రత్నాలు అన్నీ సంచుల్లోనే ఉన్నాయి గనక లోపల ఉన్నవి గులకరాళ్లయినా కావచ్చని! పదిమంది ముందు తూకం అన్నాక అనుమానం కూడా పక్కనే వచ్చి నిలబడుతుందని నాకూ తర్వాత తెలిసొచ్చింది. ఔరంగజేబు కొలువులో ఉన్న ఫ్రెంచి వైద్యుడు బెర్నియే ఇంకో సంగతి చెప్పాడు. పాదుషా కిందటేడు కంటే రెండు పౌన్లు ఎక్కువ తూగితే కొలువు వాళ్లంతా సంబరపడిపోయారట. ఆ రోజుల్లో బరువు పెరగడం శుభవార్త. పాదుషా ఆరోగ్యంగా ఉన్నాడనీ, పంచేది కూడా ఆ మేరకు పెరుగుతుందనీ అర్థం.

ఈ వరసలో చివరి పెద్ద తూకాలు మూడో ఆగాఖాన్‌వి. 1936లో బొంబాయిలో ఆయన స్వర్ణోత్సవానికి బంగారంతో తూచారు. మన సంచికకు తగిన ఉదాహరణే. 1946లో వజ్రోత్సవానికి వజ్రాలతో తూచారు; ఆయన 243 పౌన్ల పైచిలుకు, అంటే మన లెక్కలో 110 కిలోలు తూగాడు. ఆ వజ్రోత్సవం పేరుతోనే గిల్గిత్, హుంజా కొండల్లో ‘డైమండ్ జూబిలీ’ బడులు వెలిశాయి. ఒక పెద్దమనిషి భారీకాయం ఆ మారుమూల లోయల్లో పిల్లలకు పలకా బలపమయింది. ఆయన సన్నగా ఉండి ఉంటే ఆ మేరకు సొమ్ము తగ్గేది కదా అని నాకు నవ్వొస్తుంది.

ఇంతవరకూ త్రాసు ఒక వైపే మొగ్గింది. బరువు ఎంత ఉంటే దానం అంత. అది తిరగబడ్డ చోటు లండన్.

విలియం బాంటింగ్ అనే ఆయన అక్కడ అంత్యక్రియలు జరిపించే సంస్థ పెద్ద. రాజకుటుంబం చావులకు కూడా వాళ్లే ఏర్పాట్లు చూసేవారు. 1852లో వెలింగ్టన్ డ్యూక్ అంత్యక్రియలు చేసింది వాళ్లే. మనిషి ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు. 1862 ఆగస్టులో బరువు 202 పౌన్లు, దాదాపు 92 కిలోలు. వంగి బూట్ల తాడు కట్టుకోలేడు. మోకాళ్ల మీద భారం పడకుండా మెట్లు వెనక్కి తిరిగి దిగేవాడు. పొద్దున్నే లేచి పడవ తెడ్డు వేస్తే కండ పెరిగింది, దాంతోపాటు ఆకలీ పెరిగింది. ఆవిరి స్నానాలు, ఊళ్లు మారడాలు అన్నీ అయ్యాయి. చివరికి చెవి సరిగా వినబడటం లేదని వెళ్తే, విలియం హార్వే అనే చెవి వైద్యుడు సమస్య చెవిలో లేదు, ఒంట్లో ఉందని తేల్చాడు. హార్వే అంతకు ముందు పారిస్‌లో క్లోడ్ బెర్నార్డ్ మధుమేహం మీద చేసిన ప్రసంగాలు విని వచ్చినవాడు. రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంపలు మానమన్నాడు. మాంసం, చేప తినమన్నాడు. ద్రాక్షసారా మాత్రం రోజూ తాగవచ్చన్నాడు! ఏడాదికి 46 పౌన్లు, అంటే 21 కిలోల దాకా తగ్గింది.

తగ్గినవాళ్లు అంతకు ముందూ ఉన్నారు. బాంటింగ్ చేసిన కొత్త పని వేరు. 1863లో తన కథంతా, ఏ తేదీన ఎంత తూగాడో పట్టిక వేసి మరీ, సొంత ఖర్చుతో చిన్న పుస్తకంగా అచ్చు వేయించి ఊరికే పంచాడు. లావుగా ఉన్నవాడిని నలుగురిలో ఎట్లా వెక్కిరిస్తారో దాచుకోకుండా రాశాడు. గిరాకీ పెరిగి తర్వాతి ముద్రణలు అమ్మకానికి పెట్టినప్పుడు వచ్చిన లాభాన్ని ధర్మకార్యాలకు ఇచ్చేశాడు. తగ్గిన బరువు నుంచి దానం పుట్టడం నాకు తెలిసినంతలో అక్కడే మొదలు. ఇంగ్లీషులో ఆయన ఇంటిపేరు క్రియాపదమైపోయింది; స్వీడన్‌లో ఇప్పటికీ పథ్యం చేయడాన్ని ‘బాంటా’ అనే అంటారు.

అయితే బాంటింగ్ ముందు తగ్గాడు, తర్వాత రాశాడు, ఆ తర్వాత ఇచ్చాడు. ఇస్తానని మాట ఇచ్చి తగ్గడానికి కూర్చోలేదు. ఈ తేడా పట్టుకోండి, ముందు పనికొస్తుంది.

ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలో తూకం ఒంటరి పని కాకుండా పోయింది. 1948లో ఎస్తర్ మాంజ్ అనే గృహిణి మిల్వాకీలో ‘టాప్స్’ అనే సంఘం పెట్టింది. వారం వారం కలుస్తారు, తూగుతారు, ఒకరినొకరు ప్రోత్సహించుకుంటారు. లాభం కోసం పెట్టింది కాదు. సభ్యుల డబ్బుతో 1966 నుంచి ఊబకాయం మీద పరిశోధనలకూ సాయం చేసింది. న్యూయార్కులో జీన్ నైడెచ్ 214 పౌన్ల నుంచి 142కు దిగి, ఇంట్లో స్నేహితురాళ్లతో మొదలుపెట్టిన కూటమిని 1963లో ‘వెయిట్ వాచర్స్’ కంపెనీగా మార్చింది. అది వ్యాపారం, మన దారి కాదు.

2004లో మొదలైన ‘ది బిగ్గెస్ట్ లూజర్’ టీవీ పోటీతో తూకం తమాషా అయింది. దానికి అనుబంధంగా 2009లో ఒక దాతృత్వ సవాలు పెట్టారు. జనం ఎన్ని పౌన్లు తగ్గుతామని మాట ఇస్తే, పౌనుకు పది సెంట్ల చొప్పున ‘ఫీడింగ్ అమెరికా’ ఆహార నిధికి ఇచ్చారు. గమనించండి, లెక్క మాట ఇచ్చిన పౌన్లకు. తగ్గారా లేదా అన్నదాని మీద పేదవాడి పళ్లెం ఆధారపడలేదు. ఆ ఏర్పాటు చేసినవాళ్లు తెలివైనవాళ్లు. ఎందుకంటే అదే పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సగటున 58 కిలోలు తగ్గినవాళ్లకు 41 కిలోలు తిరిగొచ్చాయి. అంతకంటే ముఖ్యం, ఊరికే కూర్చున్నప్పుడు వాళ్ల ఒళ్లు ఖర్చు చేసే శక్తి ఉండాల్సిన దానికంటే రోజుకు 500 కేలరీల దాకా తక్కువగానే ఉండిపోయింది. కరెంటు సరఫరా తగ్గితే మనం కోతలు పెట్టినట్టు, తిండి తగ్గితే ఒళ్లు కూడా కోతలు పెడుతుంది. తేడా ఏమిటంటే సరఫరా మళ్లీ వచ్చినా అది కోతలు ఎత్తేయదు.

మన దేశంలో ఈమధ్య అందరూ విన్న కథ ఉజ్జయిని ఎంపీ అనిల్ ఫిరోజియాది. 2022 ఫిబ్రవరిలో రోడ్ల శంకుస్థాపన సభలో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ, మీరు తగ్గే ఒక్కో కిలోకు నియోజకవర్గానికి వెయ్యి కోట్లు ఇస్తానన్నారు. అప్పుడు ఎంపీ గారి బరువు 127 కిలోలు. అక్టోబరు నాటికి 32 కిలోలు తగ్గానని చెప్పారు; 2,300 కోట్ల పనులు మంజూరైనట్టు పత్రికల్లో వచ్చింది. ఆయన పట్టుదలను మెచ్చుకుంటాను. ఆ వయసులో 32 కిలోలంటే మాటలు కాదు. కానీ రోడ్డు వేసే వృత్తిలో ఉన్నవాడిగా ఒక ప్రశ్న మిగిలింది. ఆ ఊళ్లకు రోడ్డు అవసరమని సర్వేలో తేలితే, దానికి ఎంపీ గారి నడుముతో ఏం పని?

ఆ ప్రశ్నే నా ఇంటికి వచ్చింది.

కిందటేడు మన బ్యాచ్ ఆత్మీయ సమ్మేళనంలో బడికి ఆడపిల్లల మరుగుదొడ్లు బాగుచేయించి, ట్యాంకు, మోటారు పెట్టించాలనే మాట వచ్చింది. అంచనా నేనే వేశాను, 3,60,000 రూపాయలు. అప్పుడు నా బరువు 104 కిలోలు. వెనక బెంచీ మిత్రుడొకడు లేచి, ‘‘వీడు తగ్గే ఒక్కో కిలోకు ఐదు వేలు నేనిస్త, రాసుకోండ్రి’’ అన్నాడు. నవ్వుల్లోనే ఇంకొందరు చేరి కిలోకు ఇరవై వేలయింది. 18 కిలోలు తగ్గితే పని పూర్తి. దసరా తర్వాత వచ్చిన ఆదివారం నుంచి పొద్దున ఏడింటికి కాటా ఎక్కడం, ఫొటో గ్రూపులో పెట్టడం.

కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు. గంట నడిస్తే మహా అయితే 300. కాగితం మీద గీత నేరుగా కిందికి దిగుతుంది. చెరువు కట్ట మీద నడిచి, రాత్రి అన్నం మాని జొన్నరొట్టెకు మారి, సంక్రాంతి నాటికి 97.2కు వచ్చాను. తర్వాత గీత ఆగింది. సకినాలను మాత్రం నిందించను, అవి నాలుగు రోజులే. అదే నడక, అదే రొట్టె, కానీ ఉగాదికి 98.6. గ్రూపులో ‘‘ఏం రా, కాటా రిపేరా?’’ అని ఒకడు, ‘‘గోడకు చెయ్యి పెడుతున్నడేమో, అప్పుడు తగ్గినట్టు చూపించిండు’’ అని ఇంకొకడు. థామస్ రో గులకరాళ్లు మళ్లీ వచ్చాయి. రైస్ మిల్లు నుంచి ఇరవై కిలోల తూకపు రాళ్లు తెప్పించి, కాటా మీద పెట్టి వీడియో తీసి పంపాను.

ఆ వారమే బడి నుంచి హెడ్మాస్టరు మేడం ఫోన్ చేశారు. ‘‘సార్, వేసవి సెలవుల్లో పని అయిపోతే మంచిది, బడి నడుస్తుంటే ఆడపిల్లలకు కష్టం. మేస్త్రీని పిలవమంటారా?’’ ఒక్క క్షణం ఆగి, మొహమాటంగా, ‘‘ఇప్పుడు మీరు ఎంత ఉన్నారు సార్?’’ అన్నారు.

5.4 కిలోలు, అంటే 1,08,000. తొమ్మిదో తరగతి పిల్ల మధ్యాహ్నం దాకా నీళ్లు తాగకుండా కూర్చోవడానికీ, నా ఒంట్లో కోతలకూ ముడిపడిపోయింది. తులాభారంలో రాజు కూర్చున్న క్షణానే దానం ఖాయం. ఇక్కడ తీసుకునేవాళ్లు ఇచ్చేవాడి ఒళ్లు ఎప్పుడు కరుగుతుందా అని ఎదురుచూడాలి.

ఆ రాత్రి గ్రూపులో వాదన జరిగింది. డల్లాస్‌లో ఉన్న మిత్రుడు, ‘‘పందెం లేకుంటే మజా ఏముందిరా, అందుకే కదా అందరూ కాటా ఫొటో చూస్తున్నరు’’ అన్నాడు. అది నిజమే. పందెం లేకపోతే ఆ గ్రూపులో సగంమంది ఈ సంగతే పట్టించుకునేవారు కాదు. డాక్టరయిన మన క్లాస్‌మేట్ మాత్రం గట్టిగా చెప్పింది: ‘‘డబ్బు కోసం తొందరపడి ఉపవాసాలు మొదలుపెడితే నేనే ఫొటోలు ఆపిస్తాను. నెలకు కిలో చాలు. పోయినది రాకుండా చూసుకో, అదే కష్టం.’’ చివరికి నేను పెట్టిన ప్రతిపాదన ఇది. కిలోల లెక్క తీసేసి వారాల లెక్క పెడదాం. కాటా ఎక్కిన ప్రతి ఆదివారానికి ఏడు వేలు, బరువు తగ్గినా పెరిగినా. 52 వారాలకు 3,64,000. ఆ మొత్తం ఇప్పుడే సంఘం ఖాతాలో వేయాలి. నేను మాత్రం ఏడాది పూర్తయ్యేదాకా ఒక్క వారం తప్పకుండా అందరి ముందూ నిలబడతాను. మూడు రోజుల్లో డబ్బు జమయింది. మేస్త్రీ ఏప్రిల్ నెలాఖరుకు పని మొదలుపెట్టాడు. జూన్‌లో బడి తెరిచే నాటికి నీళ్లు వచ్చాయి.

ఐదు వేల మిత్రుడు ఒక్కడే పాత పందెం వదలనన్నాడు. వాడి డబ్బు సైన్సు ల్యాబుకు పోతుంది. అద్దాల పెట్టెలో ఉండే ఫిజికల్ బ్యాలెన్సులు మన కాలంలో రెండు ఉండేవి, ఇప్పుడు ఒక్కటీ పనిచేయడం లేదని సైన్సు సార్ నాలుగు కావాలని జాబితా ఇచ్చారు. ఈ వ్యాసం రాస్తున్న ఆదివారం నా తూకం 96.1. లెక్క ప్రకారం 39,500 రూపాయలు. మూడింటికి సరిపోతుంది, నాలుగోదానికి ఇంకో కిలోన్నర కావాలి.