విక్టోరియా కాలపు జంతు నగలు

విక్టోరియా రాణి పాలించిన 1837–1901 మధ్య బ్రిటన్ నగల్లో పాములు, పక్షులు, పురుగులు, కుక్కలు, గుర్రాలు విరివిగా కనిపిస్తాయి. ఆ కాలంలో జంతువు మొదట భావానికి గుర్తుగా నగలోకి వచ్చింది. తర్వాత ఉన్నదున్నట్టు చెక్కిన రూపమైంది. చివరికి చచ్చిన ప్రాణి దేహమే నగలో భాగమైంది.

తొలి దశలో పాముదే పెద్ద పీట. 1839లో కాబోయే భర్త ఆల్బర్ట్ విక్టోరియాకు ఇచ్చిన నిశ్చితార్థపు ఉంగరం పాము ఆకారంలో ఉండేది. దాని తలలో పచ్చ పొదిగారు. తోకను నోట కరచుకున్న పాముకు మొదలూ తుదీ ఉండవు కనుక, యూరప్‌లో అది ఎన్నటికీ తరగని ప్రేమకు చిహ్నం. మెడ చుట్టూ అమరే పాము హారాలకు నోటి దగ్గర గుండె ఆకారపు లాకెట్ వేలాడేది. అందులో ఆత్మీయుల వెంట్రుకలు దాచుకునేవారు. 1840లో రాణి పెళ్లికి 12 మంది తోడిపెళ్లికూతుళ్లకు ఆల్బర్ట్ పుట్టిన కోబర్గ్ వంశపు చిహ్నమైన గద్ద బ్రోచ్‌లు అందాయి. ఆల్బర్ట్ రూపకల్పన చేసిన ఆ గద్దలకు ఫిరోజా రాళ్ల దేహం, కెంపుల కళ్లు, వజ్రపు ముక్కు ఉన్నాయి; కాళ్లతో ముత్యాలు పట్టుకుని ఉంటాయి.

శతాబ్దం నడిమికి ప్రకృతి శాస్త్రం మీద మోజు ఇంటింటికీ పాకింది. సీతాకోకచిలుకలు, నాచుమొక్కలు సేకరించడం మధ్యతరగతికి ఇష్టమైన వ్యాపకమైంది. ఈగలు, తేనెటీగలు, తూనీగలు, బల్లులు కొలత తప్పకుండా బంగారంలో రూపుదిద్దుకున్నాయి. కొన్నింటి రెక్కలను సన్నని స్ప్రింగుల మీద నిలపడంతో, ధరించిన మనిషి కదిలితే అవీ అల్లాడేవి. 1853లో ఉరల్ పర్వతాల్లో దొరికిన డెమంటాయిడ్ అనే పచ్చని గార్నెట్ రాయి శతాబ్దం చివర్లో బల్లులకు, కప్పలకు ఒంటిరంగైంది. 1854 చట్టం 9, 12, 15 క్యారెట్ల బంగారాన్నీ అనుమతించింది. బర్మింగ్‌హామ్ కార్ఖానాల్లో యంత్రపు అచ్చులూ తోడవడంతో ఇలాంటి చిన్న నగలు సామాన్యులకూ అందాయి.

1860ల నుంచి స్ఫటికపు నగలు ఆదరణ పొందాయి. గుండ్రంగా ఉబ్బిన స్ఫటికపు బిళ్ల వెనుక భాగాన్ని లోతుగా చెక్కి, ఆ గుంతలో రంగులు వేసి, వెనుక ముత్యపు చిప్ప అతికేవారు. ముందు నుంచి చూస్తే కుక్కో గుర్రమో స్ఫటికం లోపల ప్రాణంతో ఉన్నట్టు తోచేది. లండన్‌లో ఈ పనిలో దిట్ట థామస్ కుక్. వేట, గుర్రపు పందేల మీద ఆసక్తి ఉన్న కులీనులు నక్కలు, వేటకుక్కల బొమ్మలతో వీటిని చేయించుకునేవారు.

ప్రాణుల దేహాలనే వాడే అలవాటు వేట నుంచి మొదలైంది. బాల్మొరల్ ఎస్టేటులో ఆల్బర్ట్ వేటాడిన జింకల 44 పళ్లతో విక్టోరియాకు 1860లో ఒక హారం తయారైంది. లండన్ నగల వ్యాపారి హ్యారీ ఇమాన్యుయెల్ పక్షుల తలలు, ఈకలు నగల్లో అమర్చే పద్ధతికి 1865లో పేటెంట్ పొందాడు. పోర్చుగీసు రాయబారి కానుకగా ఇచ్చిన 46 దక్షిణ అమెరికా ముక్కుపురుగులతో 1884–85లో ఫిలిప్స్ బ్రదర్స్ సంస్థ లేడీ గ్రాన్‌విల్ కోసం కిరీటం, హారం చేసింది. హమ్మింగ్‌బర్డ్ ఈకల మెరుపు, పురుగు పెంకు నిగనిగ అద్దకపు రంగు వల్ల రావు. కంటికి కనిపించని సన్నని నిర్మాణం మీద వెలుగు పడడం వల్ల వస్తాయి. అందుకే ప్రాణం పోయినా రంగు వెలిసిపోదు, నగకు పనికొస్తుంది.

భారతదేశం నుంచి పులిగోళ్లు బ్రిటన్ నగల్లోకి వెళ్లాయి. తెలుగునాట పిల్లలకు దృష్టి తగలకుండా పులిగోరు కట్టడం పాత ఆచారమే. ఇక్కడి కంసాలులు బ్రిటిష్ అధికారుల కోసం అవే గోళ్లకు బంగారు తొడుగులు వేసి హారాలు, బ్రోచ్‌లు చేశారు. వలస పాలకులకు అవి రక్ష కాదు, వేటలో గెలుపుకు గుర్తు.

ఈకల ఫ్యాషన్ పక్షులను పెద్ద ఎత్తున బలిగొంటోందని ఆందోళన చెందిన ఎమిలీ విలియమ్సన్ 1889లో మాంచెస్టర్ దగ్గర పక్షుల రక్షణ సంఘాన్ని స్థాపించింది. దానికి 1904లో రాచముద్ర దక్కింది. భారతదేశంలో 1972 వన్యప్రాణి రక్షణ చట్టం పులిగోళ్ల వ్యాపారాన్ని నేరంగా మార్చింది. లేడీ గ్రాన్‌విల్ నగలు నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. బంగారంలో, రాళ్లలో, స్ఫటికంలో చెక్కిన ప్రాణులకు మాత్రం పాత నగల సేకర్తల్లో గిరాకీ ఇంకా తగ్గలేదు.