మునగాల పరగణా: భౌతిక వాస్తవం, సాంఘిక వాస్తవం

ఇది నేటి సూర్యాపేట జిల్లాలో, సూర్యాపేట నుంచి కోదాడ వెళ్లే దారిలోని మునగాల పేరిట సాగిన పూర్వ జమీందారీ. చుట్టూ నిజాం రాజ్యపు నల్గొండ జిల్లా. పాలన మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీది, కృష్ణా జిల్లా నందిగామ తాలూకా కింద. కొండ, వాగు మనుషులు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఉంటాయి. సరిహద్దు, నాణెం, పట్టా మనుషుల ఒప్పుదల వల్లే నిలుస్తాయి. తత్వవేత్త జాన్ సెర్ల్ 1995లో వివరించిన ఈ భేదానికి తెలుగునేలపై మునగాలకు మించిన ఉదాహరణ అరుదు.

సరిహద్దు గట్టుకు ఇవతల, మునగాలలో, ఎకరమంటే 100 సెంట్లు, అవతల, నిజాం ఇలాకాలో, 40 గుంటలు. ఇవతల కరణం, మునసబు. అవతల పట్వారీ, పటేలు. ఇవతల చెల్లేది కల్దారు రూపాయి, అవతల హాలీ సిక్కా. అవతలి కచేరీ ఉర్దూలో నడిచేది. మన్నూ వానా మాత్రం రెండువైపులా ఒకటే.

అది ఉత్త కాగితపు గీత అనేవారున్నారు. పరగణా చరిత్ర చూస్తే ఆ మాట నిలవదు. నిజాం ఇలాకాలో సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు కింద అనుమతి కావలసి వచ్చేది. అది మునగాలలో చెల్లేది కాదు. కమ్యూనిస్టులు నడిపిన తెలంగాణ సాయుధ పోరాట కాలంలో గీత దాటి వచ్చి ఇక్కడ తలదాచుకున్నవారున్నారు. ఆ ఆశ్రయమూ పూర్తిది కాదు. 1947 నుంచి మద్రాసు ప్రభుత్వమూ కమ్యూనిస్టులపై నిర్బంధం సాగించింది.

1901లో హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయానికి మునగాల జమీందారు నాయని వెంకట రంగారావు, దివాను కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు తదితరులు ఆద్యులు. ఘనత జమీందారుకే కట్టబెట్టే కథనాలున్నా, లక్ష్మణరావు పూనుకున్న 1906 నాటి విజ్ఞాన చంద్రికా మండలి, ఆ తర్వాతి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం చూస్తే దివాను పూనికే ప్రధానమనిపిస్తుంది. నిలయానికి అండగా నిలిచిన ఆ జమీందారీలోనే 1930లలో రైతులు వెట్టికీ అక్రమ వసూళ్లకూ ఎదురు తిరిగారు. నండూరి ప్రసాదరావు వారి నాయకుల్లో ఒకరు. రైతు వీపు మీది మూట బరువు భౌతికమే, అది మోయక తప్పదన్న కట్టడి సాంఘికం.

1948 నాటి మద్రాసు చట్టం జమీందారీ ఎస్టేట్లను రద్దు చేసింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాకా పరగణా కొన్నాళ్లు కృష్ణా జిల్లాలోనే ఉంది. నల్గొండలో కలిసింది 1959లో అన్నదే ఎక్కువగా కనిపించే తేదీ. 2014లో ఆ జిల్లాతో పాటే తెలంగాణలోకి వచ్చింది. 2016 అక్టోబరు 11 నుంచి సూర్యాపేట జిల్లాలో ఉంది.