పత్రముల చాటున చీడ

రెడ్డిగూడెము, నందిగామ, జగ్గయ్యపేట మొదలైన కృష్ణాజిల్లా మెట్ట ప్రాంతములలో 1984వ సంవత్సరమున కరణీకము రద్దగు వరకు భూముల లెక్కలు కరణముగారి చేతివ్రాతలో నుండెడివి. ఆ లెక్కలలోని తప్పు తగవులు పెట్టగలదు గాని, కాగితము తనంతట తానుగా లేచి ఏ పనియు చేయజాలదు. నేడా ప్రాంతము ఎన్.టి.ఆర్. జిల్లాలో నున్నది, లెక్కలు కంప్యూటరులోనికి చేరినవి. కంప్యూటరు పత్రము కంటికి కాగితమువలెనే కనబడును. కాని దాని కడుపులో ఆజ్ఞలు కూడ ఇమిడి యుండవచ్చును. ఆ ఆజ్ఞల వరుసకే మ్యాక్రో యని పేరు.

మ్యాక్రో పుట్టినది మేలు చేయుటకే. నూరుమంది కూలీల హాజరును, దినకూలిని వరుసగా గుణించి, నెలసరి పట్టికను ఒక్క మీటతో సిద్ధము చేయుటకు అది ఉపకరించును. 1993లో మైక్రోసాఫ్టు సంస్థ తన ఎక్సెల్ పట్టికలలో ఇందుకై సంపూర్ణమైన ఆజ్ఞాభాషనే పొందుపరచినది. చిక్కు ఎక్కడ వచ్చినదనగా, పత్రమును తెరచిన మరుక్షణమే తనంతట తాను నడచు మ్యాక్రోకు కూడ అవకాశ మీయబడినది. యజమాని చదువుటకు తెరచును. పత్రము పని చేయుటకు పూనుకొనును.

ఈ సందును 1995లో కాన్సెప్టు అను వైరస్ బయట పెట్టినది. అది వర్డ్ పత్రముల ద్వారా వ్యాపించి, ఆ కంప్యూటరులోని మూలపత్రమును పట్టుకొనెడిది. కొత్త పత్రము లన్నియు ఆ మూలపత్రమునుండియే పుట్టును గనుక, విత్తనమునకు పట్టిన తెగులు పైరంతటికి ప్రాకినట్లు ఆ చీడ ప్రాకినది. మరుసటి యేట లారూ అను వైరస్ ఎక్సెల్ పట్టికలకు సోకినది. 1999 మార్చి 26న బయలుదేరిన మెలిస్సా, తెరచినవారి చిరునామాల పుస్తకములోని మొదటి యేబదిమందికి తన నకళ్లను ఈమెయిలులో పంపినది. పెద్ద సంస్థలు సైతము తమ ఈమెయిలును కొంతకాలము నిలుపుకొనవలసి వచ్చినది. దానిని వ్రాసిన అమెరికా దేశస్థుడు డేవిడ్ స్మిత్‌కు 2002లో ఇరువది నెలల కారాగారశిక్ష పడినది.

ఆ తరువాత మ్యాక్రోలు అనుమతి లేనిదే నడువకుండ కట్టుబాట్లు వచ్చినవి. కొంతకాలము చీడ అణగినట్లే తోచినది. కాని 2014 ప్రాంతమున అది వేరు రూపమున తిరిగి వచ్చినది. ఈ మారు మ్యాక్రో స్వయముగా హాని చేయదు. కొద్ది పంక్తుల ఆజ్ఞతో ఇంటర్నెట్టులోని దూరపు యంత్రమునుండి అసలు దొంగను పిలుచుకొని వచ్చును. ఆ దొంగ పాస్‌వర్డులను హరించును, లేదా ఫైళ్లకు తాళము వేసి సొమ్ము కోరును. మరి అనుమతి ఎట్లు దొరకును? బాకీ బిల్లనియో, పార్సెలు రసీదనియో ఉత్తరము వచ్చును. చదువవలెనన్న పైనున్న ఎనేబుల్ కంటెంట్ అను మీట నొక్కుడని ఆ పత్రమే చెప్పును. కంగారులో మనమే గడియ తీయుదుము.

ఈ విధమున ఎమోటెట్ అను చీడ లోకమంతట వ్యాపించినది. 2021 జనవరిలో ఎనిమిది దేశముల అధికారులు కలిసి దాని యంత్రములను స్వాధీనము చేసికొనిరి. అదే యేప్రిల్ 25న, సోకిన కంప్యూటరులనుండి అది తొలగిపోవునట్లు ఏర్పాటు చేసిరి. అయినను నవంబరులో అది మరల మొలచినది. మన దేశమునకును ఈ బెడద తప్పలేదు. 2020లో కరోనా సలహాపత్రమను మిషతో వచ్చిన మ్యాక్రో పత్రము క్రిమ్సన్ అను గూఢచారి ప్రోగ్రామును లోనికి దించినది.

2017 మే నెలలో కృష్ణాజిల్లాతో సహా ఆంధ్రప్రదేశములోని కొన్ని పోలీసు కార్యాలయముల కంప్యూటరులను బాధించిన వానాక్రై జాతి వేరు. అది విండోస్ లోని లోపము గుండ చొరబడినది. ఎవరి అనుమతియు కోరలేదు. అట్టిదానికి మందు సకాలమున లోపమును సవరించుకొనుట. మ్యాక్రో చీడకు మన చేయి కావలెను. కనుకనే దీనికి మొదటి మందు మన చేతిలోనే యున్నది.

ఈ సంగతి గ్రహించుటకు పరిశ్రమకు చాలకాలము పట్టినది. హైదరాబాదున జన్మించిన సత్య నాదెళ్ల నాయకత్వమున నున్న మైక్రోసాఫ్టు, ఇంటర్నెట్టునుండి వచ్చిన పత్రములలోని మ్యాక్రోలను ముందుగానే ఆపివేయు పద్ధతిని 2022లో అమలు చేసినది. వెనువెంటనే దొంగలు ఇతర రకముల ఫైళ్ల వైపు మరలిరి. పాత వర్డ్, ఎక్సెల్ వాడు కంప్యూటరులకు ఈ రక్షణయు లేదు.

చీడ సోకినదని అనుమానము కలిగినచో ముందుగా ఇంటర్నెట్టు సంబంధమును త్రెంచవలెను. పత్రమును చెరిపివేసినంత మాత్రమున చాలదు. అది పిలిచిన దొంగ వేరుచోట దాగియుండును. తాజా యాంటీవైరస్‌తో కంప్యూటరు నంతటిని పరీక్షింపవలెను. విండోస్ లోని డిఫెండర్ ఆఫ్‌లైన్ పరీక్ష, విండోస్ మేలుకొనక మునుపే వెదకును గనుక మరింత మేలు. వర్డ్ మూలపత్రమైన నార్మల్ ఫైలు పేరు మార్చినచో, వర్డ్ శుభ్రమైన దానిని తానే కల్పించుకొనును. ప్రభుత్వపు సైబర్ స్వచ్ఛతా కేంద్రము ఉచితముగా శుద్ధిపరికరముల నిచ్చుచున్నది. పాస్‌వర్డులను మరియొక కంప్యూటరునుండి మార్చుకొనవలెను. సొమ్ము పోయినచో ఆలస్యము లేక 1930 సంఖ్యకును, బ్యాంకునకును తెలుపవలెను. అప్పటికిని సందేహము తీరనిచో, విడిగా దాచిన నకళ్లు చూచుకొని విండోస్‌ను మరల స్థాపించుటయే క్షేమము.

కొడుకు చదువునకో, పొలము పత్రమునకో కంప్యూటరు నాశ్రయింపని కుటుంబము నేడు పల్లెలలో సైతము అరుదు. పత్రము చదివించుకొనుటకు అనుమతి కోరదు. కోరినచో అది చదువవలసిన పత్రము కాదని పిల్లలకును పెద్దలకును తెలిసియుండుట మంచిది.