కోతికి 42, మనిషికి 46

మంత్రాలయంలో తుంగభద్ర ఒడ్డున కొబ్బరిచిప్ప కోసం కాచుక్కూర్చునే టోపీ కోతికి కణానికి 42 క్రోమోజోములు. ఆ చిప్ప అందించే భక్తుడికి 46. ఇద్దరి పూర్వికులూ వేరుపడి రెండున్నర, మూడు కోట్ల ఏళ్లయింది. ఆ చరిత్రను చదవడం మనకు చేతనైంది మాత్రం గత వందేళ్లలోనే.

మొదట మన లెక్కే మనకు తెలియదు. 1923లో పెయింటర్ అనే శాస్త్రవేత్త మనిషికి 48 అన్నాడు, లోకం ముప్ఫై ఏళ్లకు పైగా అదే నమ్మింది. 1956లో ట్జియో, లెవాన్ అనే పరిశోధకులు 46 అని తేల్చారు. చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్‌లకేమో 48. మరి మనకు రెండెందుకు తగ్గాయి? క్రోమోజోములకు రంగు పట్టించి అడ్డచారలు చూసే పద్ధతి 1970ల్లో వచ్చింది. 1982లో యూనిస్, ప్రకాశ్ అనే పరిశోధకులు మనిషితో కలిపి ఈ నాలుగు జాతుల చారలనూ పక్కపక్కనే పేర్చారు. మిగతా మూడింటిలో విడివిడిగా ఉన్న రెండు క్రోమోజోములు మనలో కొసకు కొస అతుక్కుని రెండో క్రోమోజోము అయ్యాయి. 1991లో ఆ అతుకే దొరికింది. మామూలుగా చివర్లలో ఉండే డీఎన్ఏ వరుస క్రోమోజోము నడుమ ఎదురెదురుగా కనబడింది. పరిణామానికి ఇంతకన్నా తేటైన సాక్ష్యం నాకు తెలియదు.

మన టోపీ కోతిలో ఆ రెండు క్రోమోజోములూ ఇప్పటికీ వేరుగానే ఉన్నాయి. మనలో విడిగా ఉన్న 7, 21 నంబరు క్రోమోజోములు దానిలో కలిసిపోయాయి. 20, 22 కూడా అంతే. 14, 15 కూడా దానిలో ఒకటే. అయితే ఈ మూడో విషయంలో మారింది కోతి కాదు. పూర్వికుల్లో అవి కలిసే ఉండేవి, విడగొట్టుకున్నది మన వంశమే. అలా 23 జతల్లో మూడు తగ్గి, ఒకటి పెరిగి కోతికి 21 జతలు.

బబూన్లకూ 42, దక్షిణానికి చొచ్చుకొస్తున్న ఉత్తరాది ఎర్రమూతి కోతికీ 42. కొండముచ్చుకు 44, దేవాంగపిల్లికి 62. గిబ్బన్లది మాత్రం వేరే కథ. జాతిని బట్టి 38 నుంచి 52 దాకా! అంతగా ముక్కలై మళ్లీ అతుక్కున్నాయి. క్రోమోజోములను పంచే జన్యువుల్లో 'లావా' అనే చొరబాటు డీఎన్ఏ దూరడం ఇందుకు కారణం కావచ్చని 2014లో వాటి జీనోము చదివినవారు ప్రతిపాదించారు. అయినా గిబ్బన్ గిబ్బన్‌గానే మిగిలింది. సంఖ్య ఎంత మారిందన్నదాన్ని బట్టి జంతువు ఎంత మారిందో చెప్పలేం.

క్రోమోజోములు తరచూ విరిగేది ఒకే వరుస పదేపదే వచ్చే చోట్లలో. ఆ చోట్లను చదవడం చాలాకాలం సాధ్యం కాలేదు. 2025లో తోకలేని వానరాల జీనోములు ఈ కొస నుంచి ఆ కొస దాకా వెలువడ్డాయి. దక్షిణ భారతంలో తప్ప మరెక్కడా సహజంగా బతకని మన టోపీ కోతి జీనోమునూ అంత శ్రద్ధగా చదవాలి.